అర మాత్ర

ఏలూరులోని ఆ గుండె ఆస్పత్రిలో కంప్యూటర్ గది పై అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన ఉంటుంది. రోగులు గానీ వాళ్ల తాలూకు వాళ్లు గానీ అటు రారు. అందుకే గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డ మనిషిని చూసి, దారి తప్పి వచ్చాడనుకుంది హరిప్రియ.

"రిసెప్షన్ కిందండి," అంది.

"ఆయ్, వాళ్లే పంపించారండి. కాయితాలు అచ్చేసేది మీరేనన్నారు."

ఆయనకి అరవై దాటి ఉంటాయి. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. చేతిలో ఎరువుల కొట్టు పేరున్న ప్లాస్టిక్ కవరు. అందులోంచి ఒక కాగితం తీసి, మడతలు సాపు చేసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"నా పేరు ఈశ్వరప్రసాదండి. పెంటపాడు దగ్గర వ్యవసాయం. మా ఆవిడ సూర్యకాంతానికి ఇక్కడే గుండెలో కవాటం మార్చారండి. బాగానే ఇంటికి తీసుకెళ్లాం. రక్తపరీక్షకి మళ్లీ రమ్మన్న రోజు ఇంకా రాకుండానే పోయిందండి. మెదడులో రక్తం చిమ్మిందన్నారు."

హరిప్రియ లేచి ఆయనకి కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"రక్తం పలచబడే బిళ్ల సగం వెయ్యాల్సింది, నిండు బిళ్ల వేశారు మీరు, అన్నారండి ఇక్కడ. కాయితం చూసే వేశానండి రోజూ. కళ్లజోడు పెట్టుకునే చూశాను. అయినా ఈ వయసులో ఏం చదివానో ఏమో. మీరొక్కసారి చదివి చెప్తారా అమ్మా?"

ఆమె చదివింది. "రక్తం పలచబడే మందు: సాయంత్రం మాత్ర, భోజనం తర్వాత." ఎవరు చదివినా ఒక మాత్ర అనే అర్థమవుతుంది.

"మీరు సరిగ్గానే చదివారండి," అంటూనే రోగి నంబరు కొట్టి, డాక్టరు రాసిన మందులు తెర మీద తెరిచింది. అక్కడ సాయంత్రం ½ మాత్ర అని ఉంది.

మళ్లీ కాగితం చూసింది. మళ్లీ తెర చూసింది. సాయంత్రం అన్న మాటకీ మాత్ర అన్న మాటకీ మధ్య కాగితం మీద ఏమీ లేదు. ఏదో ఉండాల్సిందన్న ఆనవాలైనా లేదు.

"మీ ఫోన్ నంబరు ఇవ్వండి. చూసి చెప్తానండి," అంది.

ఆయన నంబరు చెప్పాడు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "విసిగించానేమో, ఏమనుకోకండమ్మా. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసిందండి. అమ్మని నువ్వే చంపావు అంది. అదేనేమో తెలుసుకుందామని వచ్చాను."

ఆ కాగితాలు తెలుగులో ఇవ్వాలన్నది హరిప్రియ ఆలోచనే. ఆమెది తాడేపల్లిగూడెం. తండ్రి సుబ్బరామయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎమ్మెస్సీ లెక్కలు చదివేటప్పుడు ఆమె లేటెక్ నేర్చుకుంది. మాటలూ, వాటిని ఎలా అమర్చాలో ఆజ్ఞలూ రాసి ఇస్తే, అచ్చు పుస్తకంలా పేజీ కూర్చి పెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఆస్పత్రిలో చేరిన కొత్తల్లో, ఇంటికి వెళ్లే రోగులకు ఇంగ్లీషులో గిలికిన చీటీలు ఇవ్వడం చూసింది. వాటిని పట్టుకుని రోగులు మందుల షాపు కుర్రాళ్లని బతిమాలుకునేవారు. డాక్టర్లు కంప్యూటర్‌లో ఎలాగూ మందులు రాస్తున్నారు కదా, వాటిని లేటెక్‌కి అందిస్తే చక్కటి తెలుగులో, పెద్ద అక్షరాల్లో కాగితం వస్తుందని చేసి చూపించింది. తండ్రి ఆ మాటలన్నీ దిద్దిపెట్టారు. పెద్ద డాక్టరు మెచ్చుకున్నారు.

మొదట్లో అర మాత్రని కాగితం మీద 0.5 అనే వేసేది. ఒక ముసలాయన చుక్క కనపడక అయిదనుకున్నాడు. షాపువాడు అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయింది. అది విని భయపడి, అలాంటి చోట్లన్నిటా ½ అని వచ్చేలా మార్చింది. నెలల తరబడి అలాగే సవ్యంగా నడిచింది.

ఎండాకాలంలో ఆస్పత్రి వాళ్లు పాత సర్వరు తీసేసి కొత్తది పెట్టారు. కొత్తదాని మీద ఏదీ నేరుగా ఎక్కించకూడదన్నారు. దాంతో ఆమె తన సరంజామా అంతటినీ ఒక డాకర్ కంటైనర్‌లో పెట్టింది. సాఫ్ట్‌వేర్‌నీ దానికి కావలసినవాటినీ ఒక పెట్టెలో సర్ది మూత పెట్టడం లాంటిది అది. ఆ పెట్టెని ఏ మిషన్ మీద పెట్టినా ఒకేలా నడుస్తుంది. బయట మిషన్‌లో ఏమున్నా పెట్టె లోపలికి కనపడదు. అందులో మనం పెట్టిందే ఉంటుంది.

పెట్టె మరీ బరువైపోతోందని తేలికపాటిది తయారు చేసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్న, అక్షరాల రూపులన్నీ ఉండే తెలుగు ఫాంటు అందులోకి రాలేదు. దాని బదులు ఉచితంగా దొరికే మరో ఫాంటు వేసింది. అక్షరాలు ఇంకా అందంగా వచ్చాయి. ఒత్తులు విడిపోతాయేమోనని ఆమె భయం. క్ష, జ్ఞ, స్త్ర, ర్య అన్నీ ఒక్కొక్కటే పరీక్షించింది. తండ్రి కూడా భూతద్దం పెట్టి చూసి, "భేషుగ్గా ఉందమ్మా," అన్నారు. ½ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఈశ్వరప్రసాద్ వెళ్లిపోయాక ఆమె కంటైనర్‌లో సూర్యకాంతం కాగితాన్ని మళ్లీ నడిపించింది. ఈసారి, లోపల సాఫ్ట్‌వేర్ చెప్పుకునే మాటలన్నీ తెర మీదికి రానిచ్చింది. మామూలుగా అవి రానివ్వదు. అర్థం కాని ఇంగ్లీషు అదేపనిగా వస్తుంటే ఏదో పాడైందని నర్సులు హడలిపోతున్నారని, కొత్తల్లోనే వాటిని ఆపేసింది. ఆ మాటల మధ్యలో ఒక వరుస కనిపించింది. ఈ ఫాంటులో ½ అనే గుర్తు లేదు.

అంతే. గుర్తు లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోదు. దాన్ని వదిలేసి, మిగతా మాటల్ని దగ్గరికి జరిపి, వరుస చక్కగా సర్ది, పేజీ ముగిస్తుంది. లోపం కనపడకుండా సర్దడమే దాని పని.

అర అని రెండు అక్షరాలు రాసి ఉంటే సరిపోయేది.

ఆమె కాసేపు ఏడవలేకపోయింది. తర్వాత తలుపు వేసుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని, గుర్తులన్నీ తీసేసి అర, ఒకటిన్నర అని మాటల్లో వచ్చేలా మార్చింది. ఏ ఒక్క గుర్తు దొరకకపోయినా కాగితం అసలు బయటికి రాకుండా ఆగిపోయేలా చేసింది. అప్పుడు అర పోయిన పాత కాగితం, దిద్దిన కొత్త కాగితం తీసుకుని అడ్మినిస్ట్రేటర్ శ్రీహరి గదికి వెళ్లింది.

శ్రీహరి అంతా విన్నాడు. లేచి ఏసీ తగ్గించాడు.

"బాగు చేసేశావు కదమ్మా?"

"చేశానండి."

"మరింకేం? సిస్టర్లు నోటితో కూడా చెప్తారు. కాయితం ఒక్కటే చూసుకుని వేసుకుంటారా ఎవరైనా?"

"కాయితం చూసే వేశారండి ఆయన. రోజూ."

"నీ బాధ నాకు తెలుసు హరిప్రియా. కానీ నువ్విప్పుడు బయటికెళ్లి మాట్లాడితే మునిగేది నువ్వొక్కదానివే కాదు. ఆవిడ ఎలాగూ తిరిగి రాదు."

"మిగతావాళ్లున్నారు కదండీ," అంది ఆమె.

కొత్త సర్వరు వచ్చాక ఇంటికి వెళ్లినవాళ్లలో ఇంకా ఎందరికి అర మాత్రలు రాశారోనన్న సంగతి అతనికి అంతవరకూ తోచలేదు. ఆమె జవాబు కోసం చూడకుండా పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన కాగితం అందుకుని చదివి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "ముందు వాళ్లందర్నీ పిలిపించండి. ఇవాళే," అన్నారు.

నర్సులూ హరిప్రియా కూర్చుని ఫోన్లు చేశారు. కొందరు షాపువాడిని అడిగి సగమే వేసుకుంటున్నారు. కొందరికి మందు మారిపోయింది. ఒకటిన్నర వేసుకోవాల్సిన కామవరపుకోట ఆవిడ ఒకటే వేసుకుంటోంది. ఆయాసం తగ్గకపోతే తన ఖర్మ అనుకుందట. సాయంత్రానికి అందరూ దొరికారు, ఒక్కరు తప్ప. కొల్లేటికోట దగ్గర చేపల చెరువుకి కాపలా ఉండే కృపానందం ఫోను పలకలేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి కారులో ఆమె బయలుదేరింది. కైకలూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరువులే. గట్ల వెంబడి మేత బస్తాలు దించుతున్నారు. కొల్లేటికోటలో అడిగితే ఒకాయన చెయ్యి చాపి చూపించాడు. కారు వెళ్లే దారి కాదు. గట్టు మీద బురదలో నడుచుకుంటూ వెళ్లింది. ఒక పక్క చెరువు నీళ్లు, రెండో పక్క నిలువెత్తు కిక్కిస గడ్డి దుబ్బులు.

కాపలావాళ్ల మకాం ముందు ఒకామె గిన్నెలు తోముతోంది. కృపానందం భార్య దేవకుమారి.

"ఆస్పత్రి నుంచి వచ్చానండి. ఆయనున్నారా?"

"లోపల పడుకున్నారండి. ఫోను నీళ్లలో పడిపోయిందండి. మొన్న వల తీస్తుంటే చెయ్యి గీరుకుందండి. చిన్నదే. రక్తం ఆగట్లేదండి. పసుపు పెట్టాను, గుడ్డ కట్టాను, తడిసిపోతానే ఉంది. చిగుళ్లమ్మట కూడా వస్తంది."

హరిప్రియ లోపలికి వెళ్లింది. కృపానందం నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒంటి మీద అక్కడక్కడా నల్లగా కమిలిన మచ్చలు, ఎవరో కొట్టినట్టు.

"బిళ్ల ఎంత వేసుకుంటున్నారండి? సాయంత్రంది?"

"మీరు రాసిచ్చినట్టేనండి," అన్నాడతను నీరసంగా. "ఒక్క రోజు కూడా మానలేదండి. మా ఆవిడని అడగండి కావాలంటే."

ఏదో తప్పు చేశానని అడుగుతోందనుకున్నాడు. మానలేదని ఒట్టు పెట్టబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, "మీ తప్పేం లేదండి, లేవండి, ఏలూరు వెళ్దాం," అంది. దేవకుమారి ఒక పక్కా తను ఒక పక్కా పట్టుకుని గట్టు మీద నడిపించారు. దారిలో రెండుసార్లు అతన్ని కూర్చోబెట్టాల్సి వచ్చింది. కారులో వెనక సీటు మీద రక్తం మరకలయ్యాయి. "సీటు పాడైపోతందండి," అని అతను నొచ్చుకున్నాడు.

విరుగుడు ఇంజెక్షను చేశారు. ప్లాస్మా ఎక్కించారు. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు పెద్ద డాక్టరు. అతను బతికాడు. దేవకుమారి హరిప్రియ చేతులు కళ్లకద్దుకోబోయింది. హరిప్రియ చేతులు లాక్కుంది. ఏం జరిగిందో అక్కడే వరండాలో ఆమెకి చెప్పేసింది. దేవకుమారి ఆమె మొహంలోకి అలాగే చూసి, భర్త మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత హరిప్రియ వార్డులోకి వెళ్తే తల తిప్పుకునేది.

పెంటపాడు వెళ్లొద్దని శ్రీహరి స్పష్టంగానే చెప్పాడు. వెళితే ఉద్యోగం ఉండదన్నాడు. ఆమె రాజీనామా మెయిల్ పెట్టి, తాడేపల్లిగూడెంలో రైలు దిగి, ఇంటికి వెళ్లకుండా ఆటో ఎక్కింది.

ఆ రోజు సూర్యకాంతం మాసికం. భోజనాలైపోయి బంధువులు వెళ్లిపోయారు. తణుకు నుంచి వచ్చిన కూతురు హర్షిణి పెరట్లో అరిటాకులు ఎత్తుతోంది. ఈశ్వరప్రసాద్ వీధి అరుగు మీద ఒక్కడూ కూర్చుని ఉన్నాడు. హరిప్రియని చూసి గబగబా లేచాడు.

"రండమ్మా, రండి. భోంచేశారా? అమ్మాయీ, ఎవరొచ్చారో చూడు," అని లోపలికి కేకేశాడు. జవాబు రాలేదు.

"మీ అమ్మాయిగారు కూడా వినాలండి," అంది హరిప్రియ.

హర్షిణి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. హరిప్రియ నిలబడే చెప్పింది. తను చేసిన కంటైనర్ గురించి, లేని గుర్తు గురించి, కాగితం మీదికి రాకుండా పోయిన అర గురించి. వాళ్లకి అర్థం కాదేమోనని పాతదీ దిద్దినదీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. "మీరు కాయితంలో ఉన్నట్టే ఇచ్చారండి. కాయితమే తప్పు. ఆ తప్పు నాది."

హర్షిణి రెండు కాగితాలూ తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"మీరు చూసుకోలేదా?" అంది చివరికి. "ఇంత చదువుకున్నారు కదండీ. అచ్చేసి ఒక్కసారి చూసుకోలేదా?"

"అక్షరాలన్నీ చూశానండి. అది చూడలేదు."

"మా అమ్మ అండి. అది అంటున్నారేంటి?"

హరిప్రియ తల దించుకుంది. హర్షిణి కాగితాలు అరుగు మీద పడేసి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా," అని ఆయన పక్కన కూలబడి, ఆయన భుజం మీద తల ఆనించి పెద్దగా ఏడ్చింది. "నేను ఎంత మాటన్నాను నాన్నా."

ఈశ్వరప్రసాద్ ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయన మొహంలో హరిప్రియ ఎదురుచూసిన తేలిక ఎక్కడా లేదు. ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్ల వైపు చూస్తూ, "పోన్లే అమ్మా, పోన్లే," అంటూ ఉండిపోయాడు.

తండ్రీ కూతుళ్లు ఏలూరులో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలని నిర్ణయించుకున్నారు. జరిగింది జరిగినట్టు ప్రమాణపత్రం రాసిస్తానని హరిప్రియ ఒప్పుకుంది. ఆ కేసులో తన పేరు కూడా ప్రతివాదుల్లో ఉంటుందని వాళ్లు పెట్టుకున్న లాయరు చెప్పాడు. ఉండనివ్వండంది. ఇంట్లో సుబ్బరామయ్య ఆ సంగతి విని భూతద్దం డ్రాయర్లో పెట్టేశారు. తర్వాత ఆయన ఎవరి రాతా దిద్దలేదు. పక్కింటి పిల్లలు పెళ్లి శుభలేఖ పట్టుకొస్తే కూడా కళ్లు సరిగా ఆనడం లేదని పంపేశారు.

లాయరు ఆఫీసు పవరుపేటలో, మేడ మీద. హరిప్రియ తన పత్రం ముగించి ఒక మూల కూర్చుంది. లాయరు ఈశ్వరప్రసాద్‌ని ప్రశ్నలడుగుతూ తనే టైపు చేసుకుంటున్నాడు. హర్షిణి తండ్రి పక్కన కూర్చుంది.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ బిళ్ల ఎంత ఇచ్చేవారో మీకు తెలియదు కదండీ? ఆస్పత్రి లాయరు అడుగుతాడు," అన్నాడు లాయరు.

ఈశ్వరప్రసాద్ కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తెలియదనే రాస్తున్నానండి."

"నాకు తెలియదండి. ఆవిడకి తెలుసు."

లాయరు వేళ్లు ఆగాయి.

"ఇంటికొచ్చిన సాయంత్రం బిళ్ల ఇస్తే చేతిలోకి తీసుకుని చూసిందండి. 'ఏవండీ, అక్కడ సిస్టరు సగం విరిచి ఇచ్చేది కదా' అంది. కాయితం తెచ్చి చూపించాను. 'ఇంత స్పష్టంగా అచ్చేసిచ్చారు. డాక్టర్ల కంటే నీకు తెలుసా?' అన్నాను. మింగేసిందండి."

హర్షిణి తండ్రి వైపు చూడటం లేదు.

"ఇది మనం రాయక్కర్లేదండి," అన్నాడు లాయరు నెమ్మదిగా. "మనకి నష్టం. ఎవరూ అడగని విషయం."

"రాయండి."

"ఈశ్వరప్రసాద్ గారూ..."

"ఆవిడ అడిగిందండి. అడిగిందని ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ."

హర్షిణి లేచి బయట వరండాలోకి వెళ్లిపోయింది. ఎవరూ ఆమెని పిలవలేదు. హరిప్రియకి లేచి వెళ్లాలనిపించింది గానీ, వెళ్లి ఏం చెప్పగలదు? ఈశ్వరప్రసాద్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు. కొంతసేపటికి హర్షిణి మొహం కడుక్కుని తిరిగొచ్చింది. ముందు కూర్చున్న కుర్చీలో కాకుండా బల్లకి అటువైపు కూర్చుంది.

"మళ్లీ ఎప్పుడైనా అడిగిందా నాన్నా?"

"లేదమ్మా. విసుక్కున్నాను కదా. మళ్లీ అడగలేదు."

హర్షిణి చాలాసేపు తన గాజులు చూసుకుంది. తర్వాత లాయరు వైపు తిరిగింది.

"నాన్నగారు చెప్పినట్టే రాయండి," అంది.

లాయరు రాశాడు. ప్రింటు తీసి ముగ్గురికీ వినిపించాడు. ఈశ్వరప్రసాద్ ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. హరిప్రియ తన పత్రం మీద పెట్టింది. ఆస్పత్రి వాళ్లు ఇంకా జవాబు వెయ్యలేదు. వాయిదాలు పడుతూనే ఉంటాయని లాయరు ముందే చెప్పాడు.

బయటికి వచ్చేటప్పుడు ఈశ్వరప్రసాద్ హరిప్రియ దగ్గర ఆగాడు. "మిమ్మల్ని క్షమించానని చెప్పలేనమ్మా. నన్ను నేనే..." అని ఆగిపోయాడు. "వచ్చి చెప్పారు. అది మాత్రం మర్చిపోను."

ఆమె చేతులు జోడించింది. ఆయన మెట్లవైపు నడిచాడు. ఇరుకు మెట్లు, నిటారుగా ఉంటాయి. హర్షిణి తండ్రి చెయ్యి పట్టుకోలేదు. తను ముందుగా దిగి, ఆయన గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చేదాకా కింద నిలబడింది.